పిల్లల బృందగానం వేసవి టూరు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ చివరి వారంలో మన పిల్లలు విజయనగరం, రాజమండ్రి, విజయవాడ వెళ్లి పాడబోతున్నారు. టూరు సంగతి చెప్పిన రోజు నుంచి ఫోన్లు ఆగడం లేదు. విశాఖ ఎం.వి.పి. కాలనీలో ప్రాక్టీసు అయిపోయాక గేటు దగ్గర ఒకరి తర్వాత ఒకరు అవే ప్రశ్నలు అడుగుతున్నారు, మేమూ అవే జవాబులు చెబుతున్నాం. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాం. మీ అనుమానం ఇందులో లేకపోతే మొహమాటపడకుండా అడిగేయండి. "ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారో" అని ఊరుకున్నవే రైలెక్కాక పెద్దవవుతాయి.

ఎక్కడెక్కడికి వెళ్తారు? ఎన్ని రోజులు?

మొదట విజయనగరం. పొద్దున బస్సులో వెళ్లి, సాయంత్రం పాడి, రాత్రికి ఇంటికి వచ్చేస్తాం. దూరం సుమారు 60 కిలోమీటర్లే. దీన్ని ముందు పెట్టడంలో మా స్వార్థం ఉంది. ఎవరికి బస్సు పడదో, ఎవరు కొత్తచోట అన్నం ముట్టరో, ఎవరు చెప్పులు ఎక్కడ విడిచారో మరిచిపోతారో ఆ ఒక్క రోజులో బయటపడిపోతుంది. తర్వాత ఒక రోజు ఇంట్లో విశ్రాంతి. ఆపైన రైల్లో రాజమండ్రి, అక్కడ రెండు రాత్రులు. అక్కణ్ణుంచి విజయవాడ, అక్కడా రెండు రాత్రులు. మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు.

విజయనగరంలో పిల్లలకు సంగీత కళాశాల చూపించాలని ఉంది. 1919లో విజయరామ గజపతిరాజు పెట్టిన కాలేజీ అది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే. వేసవి సెలవులు కాబట్టి తరగతులు ఉండకపోవచ్చు. లోపలికి వెళ్లనిస్తే సరే, లేకపోతే గేటు ముందు నిలబడి అయినా ఈ పేర్లు చెప్పి తీసుకొస్తాం.

ఈ ఎండల్లో ఎందుకు? దసరా సెలవుల్లో పెట్టుకోవచ్చు కదా?

అందరికంటే ఎక్కువమంది అడిగింది ఇదే. దసరా రోజుల్లో విజయవాడలో నలభై మంది పిల్లలకు గదులు దొరకడం కల్ల. ఇంద్రకీలాద్రి మీద నవరాత్రులు, అందులోనూ మూలా నక్షత్రం రోజున ఊళ్లో అడుగు పెట్టే చోటుండదు. విజయనగరంలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు జిల్లా జిల్లా అంతా అక్కడే ఉంటుంది, మన పాట ఎవరు వింటారు? పైగా అక్టోబరు అంటే తుపాన్ల నెల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరిని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. రైళ్లు, కరెంటు, ఫోన్లు అన్నీ పోయిన ఊళ్లో పిల్లలు ఒకచోట, తల్లిదండ్రులు ఒకచోట ఉండే పరిస్థితిని మేం తలుచుకోదలచుకోలేదు.

సంక్రాంతికైతే రైల్లో కాలు పెట్టే సందుండదు, అమ్మమ్మగారి ఊరు వదులుకుని పిల్లలూ రారు. మిగిలింది ఏప్రిల్ చివరి వారం. పరీక్షలు అయిపోతాయి, రోహిణి కార్తె ఇంకా రాదు. ఎండ ఉంటుంది, కాదనం. అందుకే కచేరీలన్నీ సాయంత్రం ఆరున్నరకే. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్లలెవరూ బయట తిరగరు. ప్రకాశం బ్యారేజీ చూడాలన్నా పొద్దున్నే చూసి వచ్చేస్తాం.

మా పాపకి సోలో ఉంటుందా?

ఉండదు. ఎవరికీ ఉండదు.

ఇంత సూటిగా చెప్పినందుకు ఏమీ అనుకోకండి. "ఏటి మాస్టారూ, మా గుంటడు ఇంత బాగా పాడతాడు, ఒక్క చరణమైనా వాడి చేత విడిగా పాడించరా?" అని ఒక తాతగారు మా మాస్టారిని ప్రతి ఆదివారం అడుగుతున్నారు. ఆ అబ్బాయి నిజంగానే బాగా పాడతాడు. టీవీ పోటీకి వెళ్తే రెండు మూడు రౌండ్లు దాటుతాడు కూడా. కానీ బృందగానంలో బాగా పాడే గొంతుకి ఉండే పని వేరు. పక్కన ఉన్న ముగ్గురికి శ్రుతి నిలబెట్టడం దాని పని. వరసలో అతను ఎక్కడ నిలబడాలో మాస్టారు ఊరికే నిర్ణయించలేదు. శ్రుతి జారే ఇద్దరి మధ్య నిలబెట్టారు. అతను లేని రోజున ఆ వరస మొత్తం చరణం చివరికి వచ్చేసరికి అర స్వరం కిందికి దిగిపోతుంది. హాల్లో కూర్చున్నవాళ్లకు అతని గొంతు విడిగా వినపడదు, కానీ లేకపోతే తెలిసిపోతుంది.

అందుకే ప్రాక్టీసులో "గట్టిగా పాడు" అనే మాట మేం అనం. "పక్కవాళ్ల గొంతు నీకు వినపడుతోందా?" అని అడుగుతాం. వినపడకపోతే తను అరుస్తున్నట్టు లెక్క. ఇంటి దగ్గర పాడించేటప్పుడు మీరు కూడా ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే మాకు సగం పని తప్పుతుంది.

ఏయే పాటలు పాడతారు? రెండు గొంతులు అంటే ఏమిటి?

మన బృందంలో కొంతమంది కర్ణాటక సంగీతం క్లాసుల నుంచి వచ్చారు, కొంతమంది చర్చి క్వయర్ల నుంచి, మిగిలినవాళ్లు ఏ నేర్పూ లేకుండా గొంతు మాత్రం తీసుకుని వచ్చారు. మొదటివాళ్లకు గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పాడడం, వస్తుంది, కానీ పక్కవాళ్లు వేరే స్వరం పాడితే కంగారుపడి అటు వెళ్లిపోతారు. క్వయర్ పిల్లలు సెకండ్ వాయిస్ కళ్లు మూసుకుని పాడేస్తారు, కానీ గమకం దగ్గర మెట్లు దిగినట్టు దిగుతారు. ఒకళ్ల దగ్గర ఇంకొకళ్లు నేర్చుకోవడానికే ఏడాదంతా పట్టింది.

కార్యక్రమం మొదటి సగం అంతా ఒకే గొంతుగా పాడే పాటలు. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు అసలు నలుగురూ కలిసి పాడుకోవడానికి చేసినవే కాబట్టి వాటితో మొదలు. రెండో సగంలో ఉత్తరాంధ్ర జానపదాలు, కొన్ని రెండు గొంతుల పాటలు. ఫస్ట్ వాయిస్ వాళ్లు వరస పాడుతుంటే సెకండ్ వాయిస్ వాళ్లు దానికి కింద వేరే స్వరాల్లో అదే మాట పాడతారు. వాళ్లబ్బాయి ఇంట్లో పాడుతున్న వరస వింతగా ఉందని, తప్పు నేర్చుకున్నాడేమోనని ఒకమ్మ ఫోన్ చేశారు. తప్పు కాదమ్మా, సెకండ్ వాయిస్ ఒక్కటే వింటే అలాగే ఉంటుంది. దయచేసి సరిచేయకండి.

చివర జనగణమన. పూర్తి గీతానికి 52 సెకన్లు అని లెక్క ఉంది. హాలంతా లేచి కలిసి పాడేటప్పుడు పెద్దవాళ్లు సాగదీస్తారు, పిల్లలు ఆ సాగతీతలో పడకుండా నిలబడాలి. దీన్నీ ప్రాక్టీసు చేయిస్తున్నాం.

సినిమా పాటలు ఎందుకు లేవు? జనం వాటికే చప్పట్లు కొడతారు కదా!

కొడతారు. ఒక గొంతు కోసం కట్టిన వరసను నలభై గొంతులకు పంచితే మాత్రం పాటలోని సంగతులన్నీ, అంటే విరుపులన్నీ, గజిబిజి అవుతాయి. కరోకే ట్రాకు పెడితే అది ఏ శ్రుతిలో ఉంటే పిల్లలు ఆ శ్రుతిలో పాడాలి, పై స్థాయిలో గొంతులు చించుకోవాలి. ఇంకోటి కూడా ఉంది. టికెట్ లేకుండా జనం ముందు పాడే ఔత్సాహిక సంఘాలకు 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. అది వేదిక వరకే. ఆ వీడియో యూట్యూబులో పెట్టామంటే అది వేరే వ్యవహారం. వీడియో తీసి పెట్టకుండా మీరెవరూ ఉండరని మాకు తెలుసు.

మా వాడికి గొంతు మారుతోంది. టూరుకి పంపొచ్చా?

తప్పకుండా పంపండి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వయసులో బృందం వదిలేసిన మగపిల్లలు మళ్లీ పాట వైపు రావడం తక్కువ.

మగపిల్లల్లో 12 నుంచి 15 ఏళ్ల మధ్య స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవవుతాయి, మందమవుతాయి. గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అది ఒక్కరోజులో జరగదు. నిన్న అందిన స్వరం ఇవాళ అందదు, మాట మధ్యలో గొంతు కీచుమంటుంది. క్లాసులో అందరూ నవ్వుతారు. ఆడపిల్లల గొంతూ మారుతుంది కానీ కొద్దిగానే, అందుకే ఎవరూ పట్టించుకోరు.

మన పాటలు ఎక్కువగా ఐదున్నర శ్రుతిలో, అంటే కొంచెం ఎత్తులో, ఉన్నాయి. గొంతు మారుతున్న పిల్లలు పై షడ్జం, అంటే పై సా, కోసం మెడ నరాలు ఉబ్బేలా పాడకూడదు. వాళ్లకు హాయిగా అందే నాలుగైదు స్వరాల్లో సెకండ్ వాయిస్ రాసిస్తున్నాం. ఆ నాలుగైదూ అందని రోజున కంజీర (చిన్న డప్పు) పట్టుకుంటారు, తాళం వేస్తారు, పెదాలు కదుపుతూ నిలబడతారు. వేదిక మీద వరసలో మాత్రం ఉంటారు. ఇంట్లో "నీ గొంతు పాడైపోయిందిరా" అనే మాట సరదాకైనా అనకండి.

పెరుగు, ఆవకాయ, ఐస్‌క్రీమ్ మాన్పించాలా? మిరియాల పాలు పట్టించమంటారా?

పెరుగన్నం తింటే గొంతు పోతుందని చాలా ఇళ్లలో గట్టి నమ్మకం. పాలు, పెరుగు కఫాన్ని కొత్తగా పుట్టించవు. నోట్లో లాలాజలం కాసేపు చిక్కగా అనిపిస్తుంది, అంతే. కాబట్టి మధ్యాహ్నం పెరుగన్నం తినొచ్చు, కచేరీకి ముందు గంటలో వద్దు. ఎండల్లో మజ్జిగ మానేయమంటే మాత్రం మేం ఒప్పుకోం.

ఆవకాయతో తగాదా కారం వల్ల. రాత్రి కడుపు నిండా పులుపు, కారం తిని వెంటనే పడుకుంటే పుల్లటి త్రేన్పులు గొంతు దాకా వచ్చి, పొద్దున లేచేసరికి బొంగురుపోతుంది. ఏప్రిల్ చివర కొత్తావకాయ కలిపే రోజులు, మీ ఇళ్లలో జాడీలు ఊరుతుంటాయి. టూరు అయ్యేదాకా కాస్త తగ్గించండి. ఐస్‌క్రీమ్, గోలీసోడా, రాజమండ్రి రోజ్‌మిల్క్: అన్నీ ఉంటాయి, కచేరీ అయ్యాక. రోజ్‌మిల్క్ లేకుండా రాజమండ్రి దాటిస్తే పిల్లలు తిరుగుబాటు చేస్తారని మాకూ తెలుసు.

మిరియాల పాలు, శొంఠి కషాయం పట్టించాలనుకుంటే ఇంట్లో అలవాటున్నంత వరకే. అలవాటు లేని పిల్లలకు కచేరీ రోజున కొత్తగా మొదలుపెట్టకండి. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని స్టేజీ ఎక్కడానికి మాత్రం ఒప్పుకోం. పాట మధ్యలో ఊపిరి పీల్చినప్పుడు గొంతుకు అడ్డం పడితే ప్రమాదం. అన్నిటికంటే పనిచేసేవి నీళ్లు, నిద్ర. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడమని చెప్పకండి, అదీ గొంతుకు శ్రమే. మెల్లగా మామూలు గొంతుతో మాట్లాడాలి, లేదా మాట్లాడకుండా ఉండాలి. ఊరికే గొంతు సవరించుకునే అలవాటు ఉంటే, సవరించుకోవాలనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగమనండి.

రైలు టికెట్లు ఎలా? మా వాడికి పదకొండేళ్లే, హాఫ్ టికెట్ కదా?

5 ఏళ్లు నిండి 12 లోపు పిల్లలకు సగం టికెట్ నిజమే, కానీ అప్పుడు విడిగా సీటు ఇవ్వరు. సీటు కావాలంటే పూర్తి టికెట్టే. పిల్లలందరికీ ఎవరి సీటు వాళ్లకు ఉండాలని మా నియమం. కాబట్టి హాఫ్ టికెట్ ఆశ పెట్టుకోవద్దు.

రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. ఒక ఫారం మీద ఆరుగురికే టికెట్లు. మనం నలభై మంది పిల్లలం, ఎనిమిది మంది పెద్దలం. అందుకే పేర్లు, వయసులు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఇవ్వమని వెంటపడుతున్నాం. ఇంట్లో పిలిచే పేర్లు రాసిచ్చి మమ్మల్ని ఏడిపించకండి.

రాత్రి రైళ్లు పెట్టుకోలేదు. వెళ్లేటప్పుడు పొద్దున సింహాద్రి, వచ్చేటప్పుడు విజయవాడలో తెల్లవారాక బయల్దేరే రత్నాచల్. మధ్యాహ్నానికి విశాఖలో ఉంటాం. పగటి రైలంటే ఉక్క, నిజమే. కానీ నలభై మంది నిద్రపోతుంటే అర్ధరాత్రి ఏ స్టేషన్లో ఎవరు దిగారో చూసుకోవడం కంటే చెమట నయం.

రైల్లో రెండే నియమాలు. తలుపు దగ్గరికి ఎవరూ వెళ్లరు, బాత్రూంకి జంటగా వెళ్తారు. మూడోది కూడా ఉంది కానీ అది ఎవరూ పాటించరు. రాజమండ్రి దాటగానే గోదావరి వంతెన వస్తుంది, దాదాపు మూడు కిలోమీటర్లు. రైలు వంతెన ఎక్కగానే చప్పుడు మారుతుంది, పిల్లలందరూ కిటికీల దగ్గరికి చేరి, చిల్లర విసిరి, ఆ ధ్వనిని మించి పాడాలని గొంతెత్తుతారు. కొవ్వూరు వచ్చేసరికి సగం మంది గొంతులు గరగరమంటాయి. ఈసారి వంతెన మీద నోరు మూసుకుని మ్ మ్ అని శ్రుతి మాత్రమే పట్టాలని మాస్టారు ప్రకటించారు. చూద్దాం.

పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారు? పిల్లల భద్రత సంగతి?

ఐదుగురు పిల్లలకు ఒక పెద్దవారు. ఈ లెక్క మేం ఊహించి పెట్టింది కాదు. బాలకార్మిక నిషేధ చట్టం కింద 2017లో సవరించిన నిబంధనల్లో, వాణిజ్య ప్రదర్శనల్లో పాల్గొనే పిల్లల విషయంలో ఉన్నదే. రోజుకు 5 గంటలకు మించకూడదని, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదని, చదువు పాడవకూడదని కూడా అందులో ఉంది. మనది టికెట్ లేని కార్యక్రమం, డబ్బు చేతులు మారదు. అయినా పిల్లల అలసటకు వాణిజ్యమూ ధర్మమూ తేడా తెలియదు కాబట్టి అదే కొలత పెట్టుకున్నాం. మేకప్, మైకు టెస్టింగ్, తెర వెనక ఎదురుచూపు అన్నీ ఆ 5 గంటల్లోనే లెక్క.

ఆడపిల్లల గదుల అంతస్తులో టీచర్లు, అమ్మలు మాత్రమే ఉంటారు. ఏ పెద్దవారూ ఏ ఒక్క పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండరు, మాస్టారైనా సరే, డాక్టరుగారైనా సరే. వాలంటీర్‌గా వస్తామన్న తండ్రులకు ఇది కొంచెం కష్టంగా తోచింది. మేం మార్చం. పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు ఏమిటో, ఎప్పుడు చేయాలో ప్రాక్టీసు హాల్లోనే చెప్పాం. మీరూ ఇంట్లో ఒకసారి చెప్పండి.

ఫోన్ ఇవ్వొచ్చా?

వద్దు. రాత్రి ఎనిమిదిన్నరకు గ్రూపు లీడరు ఫోన్ నుంచి మాట్లాడిస్తాం. కచేరీ రోజున ఇంకొంచెం ఆలస్యం అవుతుంది. మొదటి రాత్రి ఫోన్లో ఏడుస్తారు. మీరూ ఏడిస్తే ఇక ఆ గదంతా ఏడుస్తుంది. "ఏం తిన్నావు, పక్కన ఎవరు పడుకున్నారు" అని అడిగి పెట్టేయండి.

స్టేజీ మీద కళ్లు తిరిగి పడిపోతారని విన్నాను. నిజమేనా?

పిల్లల బృందాల్లో అప్పుడప్పుడూ జరిగేదే. భయపడాల్సింది కాదు, ముందే తెలిసి ఉండాల్సింది. లైట్ల వేడి, ఖాళీ కడుపు, కదలకుండా నిలబడడం, టెన్షన్: ఇవన్నీ కలిస్తే రక్తం కాళ్లలోనే ఉండిపోయి తలకు చాలదు. మోకాళ్లు వెనక్కి బిగబట్టి కర్రల్లా నిలబడే పిల్లలకు ఇది ముందొస్తుంది. అందుకే మోకాళ్లు కొంచెం వదులుగా ఉంచడం, బూట్లలో కాలివేళ్లు కదపడం నేర్పుతున్నాం.

ముందు పెదాల చుట్టూ తెల్లబడుతుంది, ఆవలింతలు వస్తాయి, చెవుల్లో గుయ్యిమంటుంది. అలా అనిపిస్తే అనుమతి అడగక్కర్లేదు, పాట మధ్యలోనైనా ఉన్నచోటే కింద కూర్చోవాలి. పక్కనున్న ఇద్దరూ పాట ఆపరు, చెరోవైపు కొంచెం జరిగి చోటిస్తారు. చివర ఉన్న వాలంటీర్ వచ్చి వెనక్కి తీసుకెళ్లి పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా పెడతారు. విశాఖలో ప్రాక్టీసుకి వచ్చినప్పుడు చూడండి, పిల్లలు దీన్ని ఆటలా చేస్తారు. ఒకరు "టప్" అని కూర్చుంటే మిగిలినవాళ్లు నవ్వకుండా పాట కొనసాగించాలి. ఇంకా కుదరడం లేదు, నవ్వేస్తున్నారు.

ఇక్కడే ఇంకో మాట. మన సభల్లో జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు అయ్యేసరికి గంటన్నర గడుస్తుంది. ఒక ఊళ్లో నిర్వాహకులు అంతసేపూ పిల్లల్ని వెనక వరసల్లో నిలబెట్టే ఉంచారు, వేదిక నిండుగా కనిపిస్తుందని. ఆ రోజే ముగ్గురికి కళ్లు తిరిగాయి. ఇప్పుడు పిలిచినవాళ్లందరికీ ముందే రాసి ఇస్తున్నాం: ముందు పాట, తర్వాతే సన్మానాలు. సన్మానాల వేళకు పిల్లలు భోజనాల దగ్గర ఉంటారు. ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి.

పెద్ద హాళ్లలో ఎందుకు పెట్టలేదు?

రాజమండ్రిలో ఆనం కళాకేంద్రం, విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం పేర్లు చాలామంది అన్నారు. అంత హాల్లో పిల్లల గొంతు చివరి వరసకు చేరాలంటే మైకుల మీద ఆధారపడాలి. మేం స్కూలు హాళ్లు, చిన్న సభామందిరాలు చూసుకున్నాం. మైకు లేకుండానే వినపడేంత చోటు. అవసరమైతే ముందు ఎత్తుగా రెండు మైకులు, అంతే. మైకు దగ్గరగా ఉన్న నలుగురి గొంతులే వినపడితే ఏడాది పడ్డ శ్రమ వృథా. సౌండు సెట్టు వాళ్లతో మాకు ఎప్పుడూ ఒకటే గొడవ. "కొంచెం ఎకో వేస్తే బాగుంటాదండీ" అంటారు. ఎకో వేస్తే మాటలన్నీ ముద్దయిపోతాయి. ఎకో బటన్ దగ్గర కాపలాకి ఒక వాలంటీర్‌ని ప్రత్యేకంగా పెడుతున్నాం, ఇది జోకు కాదు.

ప్రేక్షకులు పిల్లల చేతిలో డబ్బు పెడితే?

పాట నచ్చి ముందు వరసలోంచి ఎవరో ఒకరు లేచి వచ్చి ఒక పాప చేతిలో ఐదు వందల నోటు పెట్టడం మన దగ్గర మామూలే. అభిమానంతో చేసేదే, తప్పు పట్టలేం. కానీ మిగతా ముప్పై తొమ్మిది మంది ఆ నోటు వైపే చూస్తారు. పిల్లలు నమస్కారం చేసి "మాస్టారికి ఇవ్వండి" అనాలి. అది బృందం ఖాతాలోకి, అంటే రాజమండ్రిలో రోజ్‌మిల్క్ ఖర్చులోకి వెళ్తుంది.

బట్టలు?

మంగళగిరి నూలు కుర్తాలు, మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఒకే రంగు. మేమే కుట్టిస్తున్నాం. పొందూరు ఖద్దరు అయితే ఇంకా అందంగా ఉండేది, కానీ చెమటకు తడిసిన ఖద్దరుని మర్నాటికి ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేసేవాళ్లు మా దగ్గర లేరు. నగలు, గలగలలాడే గాజులు, పట్టీలు వద్దు. నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట నలభై జతల పట్టీలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. మల్లెపూలు పెట్టుకోవచ్చు, ఘాటు వాసన పడనివాళ్లు పక్కన లేకపోతే.

మందులు, జబ్బులు?

ఆస్తమా, ఫిట్స్, అలర్జీలు ఉంటే ఫారంలో దాచకుండా రాయండి. రాస్తే తీసుకెళ్లరేమోనని దాస్తున్నారు, నిజానికి రాస్తేనే ధైర్యంగా తీసుకెళ్తాం. ఇన్‌హేలర్ రెండు ఇవ్వండి: ఒకటి పిల్ల సంచిలో, ఒకటి లీడరు దగ్గర. మాత్రలు పేరు రాసిన కవర్లో, డాక్టరు చీటీతో. రాత్రి పక్క తడిపే అలవాటు ఉన్నా, ఆడపిల్లలకు నెలసరి వచ్చే రోజులైనా టీచరుగారికి విడిగా ఒక ఫోన్ చేయండి, ఆ మాట ఇంకెవరికీ వెళ్లదు. పిల్లల సంచిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, టోపీ ఒకటి తప్పనిసరి.

మేమూ వెంట రావచ్చా?

విజయనగరం కచేరీకి తప్పకుండా రండి. రాజమండ్రి, విజయవాడలకు వచ్చినా హాల్లో కూర్చుని వినండి, గదుల దగ్గరికి మాత్రం రావద్దు. ఒక పిల్లకి వాళ్లమ్మ కనిపిస్తే మిగిలిన పిల్లలకి వాళ్లమ్మలు గుర్తొస్తారు.

చివరి నిమిషంలో రాలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా?

భోజనం డబ్బు పూర్తిగా ఇస్తాం. రైల్వే తిరిగి ఇచ్చినంత టికెట్ డబ్బు ఇస్తాం. గదులకు కట్టింది వెనక్కి రాదు. జ్వరం ఉంటే మాత్రం డబ్బు చూసుకుని పంపకండి, ఒకరికి ఉన్న జలుబు గోదావరి దాటేలోగా పదిమందికి అంటుకుంటుంది.

తిరిగి వచ్చాక స్టేషన్‌లో ఎలా తీసుకెళ్లాలి?

మెయిన్ గేటు వైపు, ఒకటో నంబరు ప్లాట్‌ఫాం బయట. జ్ఞానాపురం వైపు ఎవరూ రావద్దు, రెండు వైపులా పిల్లల్ని పంచి నిలబెట్టలేం. ఫారంలో పేరు రాసిన వాళ్లకే పిల్లల్ని అప్పగిస్తాం. బాబాయి వస్తాడు, పక్కింటి అంకుల్ వస్తాడు అంటే ముందు రోజే మెసేజ్ పెట్టండి, రోజూ చూసే మనిషైనా సరే. సంతకం పెట్టి తీసుకెళ్లండి. సంచులు, నీళ్ల సీసాలు, చెప్పులు లెక్క చూసుకోండి. ఆటోలో ఎక్కాక "మా వాడి రెండో చెప్పు రైల్లో ఉండిపోయింది" అని ఫోన్ చేస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.